యుద్ధం ఖర్చు ఎవరి ఖాతాలో?

2022 జనవరిలో ఇరాక్ కువైట్‌కు ఆఖరి వాయిదా చెల్లించింది. 1990 ఆగస్టులో సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌ను ఆక్రమించి చేసిన నష్టానికి ఐక్యరాజ్యసమితి విధించిన పరిహారం అది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు తీరడానికి మూడు దశాబ్దాలు పట్టింది. సద్దాం పోయాడు, అతని ప్రభుత్వమూ పోయింది. ఆ యుద్ధం నాటికి పుట్టని ఇరాకీలు కూడా తమ చమురు ఆదాయంలోంచి ఆ బాకీ కట్టారు. ఫిబ్రవరి 22న భద్రతా మండలి పరిహార సంఘం పని పూర్తయిందని తీర్మానించి ఆ ఖాతా మూసేసింది. రెండు రోజులు గడిచాయో లేదో, 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీదికి దండెత్తింది.

చచ్చిపోయిన చేపల దగ్గర్నుంచి చమురు ఇంకిన ఇసుక దాకా పద్దుల వారీగా లెక్కగట్టి, ఒక దేశం చేత ఈ స్థాయిలో కట్టించిన సందర్భం ఆధునిక చరిత్రలో మరొకటి లేదు. వియత్నాం, లావోస్, యెమెన్, సూడాన్, గాజా దేనికీ అలాంటి ఖాతా తెరుచుకోలేదు. ఇరాక్‌లో జరిగిన తర్వాతి యుద్ధానికీ తెరుచుకోలేదు. యుద్ధ నష్టాలపై గత యాభై ఏళ్లలో జరిగిన పరిశోధనను వరుసగా చదివితే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ఏ నష్టం లెక్కలోకి ఎక్కుతుందో, ఏది ఎక్కదో తేల్చేది నష్టం పరిమాణం కాదు. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, రాసే కలం ఎవరి చేతిలో ఉంది అన్నవే దాన్ని తేలుస్తున్నాయి.

తుపాకీ పేలకముందే

యుద్ధ నష్టాన్ని పోరు జరిగిన రోజులకే పరిమితం చేసి చూడటం పాత అలవాటు. 2008లో గ్యారీ మాక్లిస్, థోర్ హాన్సన్ అనే పరిశోధకులు దాన్ని మూడు దశలుగా చూడాలని ప్రతిపాదించారు: సన్నాహం, పోరు, అనంతర కాలం. వీటిలో మొదటిదాన్ని పట్టించుకునేవారు తక్కువ.

మార్షల్ దీవుల ప్రజలు ఎవరితోనూ యుద్ధం చేయలేదు. అయినా 1946 నుంచి 1958 వరకు అమెరికా అక్కడ 67 అణు పరీక్షలు జరిపింది. 1954 మార్చి 1న బికినీ దీవిలో పేల్చిన బాంబు ఒక్కటే 15 మెగాటన్నులది. హిరోషిమా మీద పడినదానికి అది దాదాపు వెయ్యి రెట్లు. ఆ బూడిద రొంగెలాప్ దీవి మీద మంచులా కురిసింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి.

సన్నాహంలో ఇంకో పద్దు ఇంధనం. యుద్ధ విమానాలు, నౌకలు, ట్యాంకులు, విన్యాసాలు, వందలాది స్థావరాలు అన్నీ కలిపితే ప్రపంచ కర్బన ఉద్గారాల్లో సైన్యాల వాటా 5.5 శాతం ఉండొచ్చని 2022లో బ్రిటన్ పరిశోధకులు అంచనా వేశారు. ప్రపంచ సైన్యాలన్నీ ఒక దేశమైతే ఉద్గారాల పట్టికలో దాని స్థానం నాలుగోది. దీన్ని అంచనా అనడమే తప్ప లెక్క అనలేం. 1997 నాటి క్యోటో ఒప్పందంలో విదేశాల్లో జరిగే సైనిక కార్యకలాపాల ఉద్గారాలను పక్కన పెట్టించడంలో అమెరికా సఫలమైంది. 2015 పారిస్ ఒప్పందం ఆ మినహాయింపును తీసేసింది కానీ, లెక్క చెప్పడాన్ని ఆయా దేశాల ఇష్టానికే వదిలేసింది. ఇష్టపడి చెప్పే దేశాలు కొన్నే. మరోవైపు సైనిక వ్యయం పెరుగుతూనే ఉంది. స్టాక్‌హోంలోని సిప్రి సంస్థ లెక్క ప్రకారం 2024లో అది 2.7 లక్షల కోట్ల డాలర్లు దాటింది.

నేలలో మిగిలినది

ఫ్రాన్స్‌లోని వెర్డన్ దగ్గర 1916లో పది నెలలు పోరు సాగింది. యుద్ధం ముగిశాక సాగుకూ కాపురానికీ పనికిరాదని ప్రభుత్వం గీత గీసి పక్కన పెట్టిన భూమిని ‘ఎర్ర మండలం’ అన్నారు. చాలాచోట్ల అడవి నాటి వదిలేశారు. ఆ అడవిలో ఒకచోట 1920లలో మిగిలిపోయిన విషవాయు గుండ్లను కుప్పపోసి కాల్చారు. ఎనభై ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తలు అక్కడి మట్టిని పరీక్షిస్తే కొన్ని నమూనాల్లో ఆర్సెనిక్ బరువులో పదిహేను శాతానికి పైగా ఉంది. ఆ చుట్టుపక్కల రైతుల నాగళ్లకు ఇప్పటికీ గుండ్లు తగులుతూనే ఉన్నాయి.

లావోస్‌తో అమెరికా అధికారికంగా యుద్ధమే ప్రకటించలేదు. అయినా 1964 నుంచి 1973 దాకా ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. వాటిలో క్లస్టర్ బాంబుల నుంచి విడివడిన చిన్న బాంబులే 27 కోట్లు. దాదాపు మూడో వంతు పేలకుండా మట్టిలో మిగిలిపోయాయి. బంతి అంత ఉండే వీటిని అక్కడివాళ్లు ‘బాంబీ’లు అంటారు. పొలం దున్నే రైతులు, ఆటవస్తువు అనుకుని పట్టుకునే పిల్లలు, పాత ఇనుము ఏరుకుని అమ్ముకునే పేదలు వీటికి బలయ్యారు. యుద్ధం ఆగిపోయాక చనిపోయినవారు, గాయపడ్డవారు కలిపి 20 వేలు.

వియత్నాంలో ఆయుధం కలుపుమందు. గెరిల్లాలకు చాటు, తిండి లేకుండా చేయడానికి 1962 నుంచి 1971 వరకు 7 కోట్ల లీటర్లకు పైగా మందును విమానాల్లోంచి చల్లారు. అందులో ఎక్కువ భాగం ఏజెంట్ ఆరెంజ్. దాని సగపాలు 2,4-డి, మన వరి రైతులకు తెలిసిన మందే. రెండో సగం 2,4,5-టి. దాని తయారీలో పుట్టే డయాక్సిన్‌తోనే ముప్పంతా వచ్చింది. మడ అడవులు మోడుబారాయి. డయాక్సిన్ బురదలోకి, బురదలోంచి చేపల్లోకి, బాతుల్లోకి, అక్కడినుంచి తల్లిపాలలోకి చేరింది. డా నాంగ్ విమానాశ్రయంలో ఆ మట్టిని వేడిచేసి శుద్ధి చేసే పని 2012లో మొదలై 2018లో ముగిసింది. ఖర్చు సుమారు 11 కోట్ల డాలర్లు. అంతకంటే పెద్దదైన బియెన్ హోవా స్థావరంలో పని 2019లోగానీ మొదలవలేదు.

బాధితుల విషయంలో జరిగిన తేడా ఇంకా పెద్దది. 1991లో అమెరికా చట్టం చేసి, వియత్నాంలో పనిచేసిన తన సైనికులకు వచ్చే కొన్ని క్యాన్సర్లను, ఇతర జబ్బులను ఏజెంట్ ఆరెంజ్‌తో ముడిపెట్టి పింఛను ఇస్తోంది. ప్రతి ఒక్కరూ తన జబ్బుకు ఆ మందే కారణమని రుజువు చేసుకోనక్కర్లేదు. వియత్నాం బాధితులు అమెరికా కోర్టులో రసాయన కంపెనీల మీద వేసిన దావాను మాత్రం 2005లో కొట్టేశారు. ఇరాక్, అఫ్గానిస్తాన్ స్థావరాల్లో చెత్త, ప్లాస్టిక్, బ్యాటరీలు వేసి కాల్చిన గుంటల విషయంలోనూ ఇదే జరిగింది. 2022 చట్టంతో అమెరికా మాజీ సైనికులకు చికిత్స, పింఛను దక్కాయి. కంచెకు అవతల అదే పొగ పీల్చిన ఊళ్లకు ఆ చట్టంలో చోటు లేదు.

నిప్పు, నీరు, శిథిలం

1991 ఫిబ్రవరిలో వెనుదిరుగుతూ ఇరాకీ సైన్యం కువైట్‌లో 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. ఆఖరి బావిని నవంబర్ 6న ఆర్పారు. పట్టపగలు చీకటి కమ్మింది. కాలకుండా పొంగిన చమురు ఎడారిలో వందలాది మడుగులు కట్టింది. గల్ఫ్ సముద్రంలోకి వదిలిన చమురు సౌదీ తీరాన వందల కిలోమీటర్లు పేరుకుంది. పర్యావరణ పద్దు కింద బాధిత దేశాలు అడిగింది సుమారు 8,500 కోట్ల డాలర్లు, మంజూరైంది 530 కోట్ల లోపు. నష్టం జరగకముందు అక్కడి నేల, నీరు ఎలా ఉండేవో చూపే వివరాలు లేకపోవడం చాలా దావాలకు అడ్డంకి అయింది.

2023 జూన్ 6న ఉక్రెయిన్‌లో, రష్యా అధీనంలో ఉన్న కఖోవ్కా డ్యామ్ బద్దలైంది. దాని నిల్వ 18 ఘనపు కిలోమీటర్లు. మన కొలతలో 630 టీఎంసీలకు పైమాటే, అంటే నాగార్జునసాగర్ ఇప్పటి పూర్తి నిల్వకు రెండింతలు. దిగువన ఊళ్లు మునిగాయి. ఎగువన జలాశయం అడుగు బయటపడింది. కాల్వల కింద సాగయ్యే లక్షల ఎకరాలు ఎండిపోయాయి. ఆరు రియాక్టర్లున్న జపొరీషియా అణువిద్యుత్ కేంద్రానికి ఆ జలాశయమే ఆధారం కాబట్టి, చల్లబరిచే నీటికి వేరే దారులు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ యుద్ధం మొదటి మూడేళ్ల ఉద్గారాలు 23 కోట్ల టన్నులని ఒక పరిశోధక బృందం లెక్కగట్టింది. అందులో ట్యాంకుల డీజిల్‌తో పాటు తగలబడిన అడవులు, దారి మళ్లిన విమానాలు, మళ్లీ కట్టాల్సిన ఇళ్ల సిమెంటు కూడా ఉన్నాయి.

గాజాలో ముఖ్యమైన పద్దు శిథిలాలు. 2024 జూన్‌లో ఐరాస పర్యావరణ కార్యక్రమం ఇచ్చిన తొలి అంచనా 3.9 కోట్ల టన్నులు. ఆ చిన్న భూభాగంలో ప్రతి చదరపు మీటరుకు వంద కిలోలకు పైగా అన్నమాట. ఆ తర్వాత అది ఇంకా పెరిగింది. సిమెంటు దుమ్ములో ఆస్బెస్టాస్ ఉంది, పేలని బాంబులున్నాయి, మనుషుల శవాలున్నాయి. ఐదు మురుగునీటి శుద్ధి కేంద్రాలూ ఆగిపోయి మురుగు సముద్రంలోకి, భూగర్భంలోకి పోయింది. అక్కడ తాగునీటికి భూగర్భ జలమే ప్రధాన ఆధారం. పర్యావరణ నష్టమనీ మానవ నష్టమనీ రెండు పద్దులుగా రాసుకుంటాం కానీ, గాజాలో తాగే బిందెడు నీళ్ల దగ్గర ఆ రెండూ ఒకటే.

మూడో లెక్క

కళింగ యుద్ధం గురించి అశోకుడు పదమూడో శిలాశాసనంలో మూడు లెక్కలు చెప్పాడు: చెరపట్టినవారు లక్షన్నర, పోరులో హతులు లక్ష, వేరే విధాలుగా చచ్చినవారు అంతకు ఎన్నో రెట్లు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీది శాసనాల్లో ఇదీ ఉంది. కళింగంలోనే ఉన్న ధౌలి, జౌగడల్లో మాత్రం ఈ శాసనాన్ని చెక్కించలేదు. దెబ్బతిన్నవాళ్లకు ఆ లెక్క చూపించకూడదని అశోకుడంతటివాడూ అనుకున్నాడేమో.

ఆ మూడో లెక్కే నేటి పరిశోధకులనూ వేధిస్తోంది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం 2001 తర్వాతి యుద్ధాలను అధ్యయనం చేస్తోంది. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, ఇరాక్, సిరియా, యెమెన్‌లలో పోరులో నేరుగా చనిపోయినవారు 9 లక్షలకు పైగా అని, ఆకలి, రోగాలు, కూలిన ఆసుపత్రుల వల్ల చనిపోయినవారు మరో 36 నుంచి 38 లక్షలని 2023లో అంచనా వేసింది. యెమెన్‌లో 2021 చివరికి 3.77 లక్షల మరణాలని ఐరాస అభివృద్ధి కార్యక్రమం చెప్పింది. వాటిలో 60 శాతం ఈ మూడో రకమే. అందులో పెద్ద వాటా ఐదేళ్లలోపు పిల్లలది.

ఈ సంఖ్యలపై వివాదం లేదని కాదు. ఇరాక్‌లో 2003 తర్వాత మూడేళ్లలో ఆరున్నర లక్షల అదనపు మరణాలని 2006లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. వార్తల ఆధారంగా ఒక్కో మరణాన్నీ నమోదు చేసే ఇరాక్ బాడీ కౌంట్ అదే కాలానికి చూపింది అందులో పదో వంతు కూడా కాదు. మొదటిది సుమారు 1,850 ఇళ్ల సర్వేను దేశమంతటికీ విస్తరించింది. రెండోది పత్రికలకు ఎక్కని చావును చూడలేదు. కాంగోలో 1998 నుంచి 2007 దాకా 54 లక్షల మంది చనిపోయారన్న అంచనానూ చాలామంది ప్రశ్నించారు. యుద్ధం లేకపోయినా అక్కడ ఎందరు చనిపోయేవారన్న మూల సంఖ్య తప్పని వాళ్ల వాదన. ఈ వివాదాలను చూపి అసలు లెక్కే వద్దనేవారు ఉంటారు. కానీ గొడవ ఎంత పెద్ద సంఖ్య అన్నదాని మీదే. పోరులో చచ్చినవారికంటే దాని వెనకాల చచ్చేవారు చాలాచోట్ల ఎక్కువన్న మాటను విమర్శకులూ కాదనలేదు.

గెలిచినవాడి ఇంట్లోనూ ఈ మూడో లెక్క ఉంది. 2001 తర్వాతి యుద్ధాల్లో చనిపోయిన అమెరికా సైనికులు 7 వేల పైచిలుకు. ఆ కాలంలో పనిచేసిన సైనికుల్లో, మాజీ సైనికుల్లో ఆత్మహత్యలు 30 వేలకు పైగా అని 2021లో బ్రౌన్ పరిశోధన తేల్చింది. ఇల్లూ వాకిలీ వదిలి పోయినవారి సంగతి చెప్పనక్కర్లేదు. 2024 చివరికి ప్రపంచంలో హింస, వేధింపుల వల్ల నిర్వాసితులు 12.3 కోట్లని ఐరాస శరణార్థి సంస్థ చెబుతోంది. 2023 ఏప్రిల్‌లో మొదలైన సూడాన్ అంతర్యుద్ధం ఒక్కటే కోటి మందికి పైగా ఊరు విడిపించింది.

మనిషి తప్పుకుంటే అడవికి మేలా?

ఉభయ కొరియాల మధ్య 250 కిలోమీటర్ల పొడవు, నాలుగు కిలోమీటర్ల వెడల్పున్న నిస్సైనిక మండలం 1953 నుంచి దాదాపు నిర్మానుష్యం. అరుదైన కొంగలు అక్కడ శీతాకాలం గడుపుతాయి. కొలంబియాలో 2016 శాంతి ఒప్పందంతో గెరిల్లాలు అడవి వదిలిపోయాక నరికివేత పెరిగింది. వీటిని చూసి యుద్ధం ప్రకృతికి కాస్త ఊరటనిస్తుందనే వాదన వచ్చింది.

ఆఫ్రికా అనుభవం ఆ వాదనకు అడ్డం వస్తుంది. 1946 నుంచి 2010 మధ్య అక్కడి రక్షిత అటవీ ప్రాంతాల్లో 70 శాతం ఏదో ఒక దశలో సాయుధ పోరును చూశాయి. పోరు ఎంత తరచుగా వస్తే పెద్ద జంతువులు అంతగా తగ్గాయని 2018లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. మొజాంబిక్‌లోని గొరొంగొసాలో 1977 నుంచి 1992 వరకు సాగిన అంతర్యుద్ధంలో దంతాల కోసం ఏనుగులను చంపి ఆయుధాలకు డబ్బు సమకూర్చుకున్నారు. దంతాలున్నవి పోగా లేనివి బతికాయి. పుట్టుకతోనే దంతాల్లేని ఆడ ఏనుగులు అంతకుముందు ఐదో వంతు కన్నా తక్కువ, యుద్ధం తర్వాత సగం. ఇక కొరియా, కొలంబియాల్లో అడవిని కాచింది మనుషుల్ని దూరం పెట్టిన భయం. కొరియాలో ఆ భయానికి పెట్టుబడి మందుపాతరలు. వాటిని అడవికి రక్షణ పద్ధతిగా చెప్పుకోలేం.

మన గుమ్మం దాకా

ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరిగాయన్న సామెత నేటి సరఫరా గొలుసులకూ సరిపోతుంది. 2022 మార్చిలో తెలుగు ఇళ్లలో పొద్దుతిరుగుడు నూనె ధర ఒక్కసారిగా ఎగబాకింది. అప్పటికి మనకు ఆ నూనెలో అధికభాగం ఉక్రెయిన్ నుంచే వచ్చేది. గ్యాస్, ఎరువుల ధరలూ దానివెంటే పెరిగాయి. 2022-23లో కేంద్రం ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల రూపాయలకు చేరింది. రైతు దుకాణంలో కట్టని తేడాను ఖజానా కట్టింది. ఖార్కివ్, కీవ్‌లలో మెడిసిన్ చదువుతున్న తెలుగు పిల్లలు బంకర్లలో తలదాచుకుని, కాలినడకన సరిహద్దులు దాటి ఇంటికొచ్చారు. అంతకుముందు 1990లో కువైట్ నుంచి లక్షకు పైగా భారతీయులను విమానాల్లో తరలించినప్పుడు, కడప, గోదావరి జిల్లాల కుటుంబాలకు నెలనెలా అందే డబ్బు ఆగిపోయింది.

మన సొంత పద్దు సియాచిన్. 1984 ఏప్రిల్ నుంచి భారత్, పాకిస్తాన్ సైన్యాలు ఆ హిమానీనద ప్రాంతంలో ఎదురెదురుగా ఉన్నాయి. 2003 నుంచి కాల్పుల విరమణ ఉంది, అయినా చావులు ఆగలేదు. అక్కడ శత్రువు తూటా కంటే చలి, మంచుచరియలు, పలచని గాలి ఎక్కువమందిని తీసుకుపోయాయి. 2012 ఏప్రిల్‌లో గయారీ దగ్గర మంచుచరియ కింద 140 మంది పాకిస్తానీలు, 2016 ఫిబ్రవరిలో మద్రాస్ రెజిమెంట్ జవాన్లు పదిమంది చనిపోయారు. ఆ పదిమందిలో కర్నూలు జిల్లా యువకుడు ఒకడు. నలభై ఏళ్లుగా ఆ మంచు మీద పోగుపడుతున్న కిరోసిన్ మసి, డబ్బాలు, మానవ వ్యర్థాలు కరిగి చేరేది నుబ్రా నదిలోకి, అక్కడినుంచి సింధులోకి.

చట్టం ఎంతదాకా వచ్చింది

వియత్నాంలో వానాకాలాన్ని పొడిగించడానికి అమెరికా మేఘమథనం చేసిందని బయటపడ్డాక, 1976లో ప్రకృతిని ఆయుధంగా వాడకూడదన్న ఒప్పందం వచ్చింది. మరుసటేడు జెనీవా ఒప్పందాలకు చేర్చిన మొదటి అనుబంధం యుద్ధంలో పర్యావరణ నష్టాన్ని నిషేధించింది. అయితే ఆ నష్టం విస్తృతంగా, దీర్ఘకాలికంగా, తీవ్రంగా ఉండాలి. మూడూ ఒకేసారి ఉండాలి. అంతర్జాతీయ నేర న్యాయస్థానం చట్టంలోనూ ఇవే మూడు షరతులు. ఈ క్లాజు కింద ఇంతవరకు ఒక్కరికీ శిక్ష పడలేదు. అమెరికా, భారత్ ఆ అనుబంధంలో సభ్యులే కావు.

న్యాయస్థానాల అనుభవమూ అంతే. తన భూభాగంపై దాడికి, సహజ సంపద దోపిడీకి ఉగాండా బాధ్యురాలని కాంగో వేసిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 2022 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. కాంగో అడిగింది 1,100 కోట్ల డాలర్లకు పైగా, దక్కింది 32.5 కోట్లు. అడవి నష్టానికి సాక్ష్యం చాలలేదన్నారు. 2022లోనే అంతర్జాతీయ న్యాయ సంఘం యుద్ధకాల పర్యావరణ రక్షణకు 27 సూత్రాలు రూపొందించింది. 2024 సెప్టెంబర్‌లో వనువాటు, ఫిజీ, సమోవా పర్యావరణ హననాన్ని అంతర్జాతీయ నేరంగా చేర్చాలని ప్రతిపాదించాయి. ఉక్రెయిన్ నష్టాలను నమోదు చేయడానికి 2023లో యూరప్ దేశాలు ఒక రిజిస్టరు తెరిచాయి. ఇంకోపక్క ఉన్నవి వదులవుతున్నాయి. 2025లో లిథువేనియా క్లస్టర్ బాంబుల నిషేధం నుంచి వైదొలిగింది. అది, మిగతా బాల్టిక్ దేశాలు, ఫిన్లాండ్, పోలండ్ మందుపాతరల నిషేధానికీ స్వస్తి చెప్పాయి. రష్యా భయం వాటికి కల్పితం కాదు. కానీ పాతే మందుపాతర ఎవరి భయంతో పాతారో చూసి పేలదు.

లెక్క అడిగే హక్కు

ఇన్ని ఉదాహరణల్లోనూ కొరత పడింది మూడే: యుద్ధానికి ముందటి నేల, నీటి వివరాలు, యుద్ధం మధ్యలోనే సాక్ష్యం సేకరించే స్వతంత్ర వ్యవస్థ, సైనికుడికీ ఊరివాడికీ ఒకే కొలమానం. మొదటి రెండూ ఇప్పుడు గగనమేమీ కాదు. ఉపగ్రహ చిత్రాలు గాజా పొలాల్నీ ఉక్రెయిన్ అడవుల్నీ వారం వారం చూపిస్తున్నాయి. మూడోది సైన్సుకు సంబంధించింది కాదు, రాజకీయ నిర్ణయం. గెలిచిన దేశాలు తమంతట తాము తీసుకుంటాయని ఆశించడానికి ఇప్పటిదాకా జరిగిన చరిత్రలో ఆధారం లేదు. ఆ దేశాల పౌరులు అడిగిన మేరకే కదలిక వచ్చింది. అమెరికా మాజీ సైనికులు దశాబ్దాలు పోరాడితేనే ఏజెంట్ ఆరెంజ్ చట్టం వచ్చింది.

సైనిక వ్యయంలో మన దేశం ప్రపంచంలో ఐదోది. మందుపాతరల నిషేధం మీదా, క్లస్టర్ బాంబుల నిషేధం మీదా మనం సంతకం పెట్టలేదు. సరిహద్దుల పరిస్థితి అందుకు కారణమని ప్రభుత్వం చెబుతుంది. ఆ కారణం ఒప్పుకున్నవారు కూడా అడగదగ్గ ప్రశ్నలున్నాయి. మన సైన్యం ఏటా వదిలే కర్బనం ఎంత? రాజస్థాన్, పంజాబ్ సరిహద్దు పొలాల్లో 2001-02 సైనిక మోహరింపు నాడు పాతిన మందుపాతరలకు కాళ్లు పోయిన రైతులకు, జవాన్లకు పరిహారం సమానంగా అందిందా? సియాచిన్ నుంచి కిందికి దిగే నీటిని ఎవరు పరీక్షిస్తున్నారు? ఈ జవాబుల్లో శత్రువుకు పనికొచ్చే రహస్యం ఏమీ లేదు. ఏటా రక్షణ బడ్జెట్ మీద పార్లమెంటులో చర్చ జరిగేటప్పుడు, ఓటు వేసే మన ఎంపీలు ఈ మూడు ప్రశ్నలు లిఖితపూర్వకంగా అడిగితే చాలు. జవాబు రాకపోతే, రాలేదన్న సంగతైనా రికార్డులో ఉంటుంది.